పిల్లర్‌కు మళ్ళీ రింగులెందుకు?

పిల్లలూ,

మీ ఉత్తరం అందింది. బడి వరండా పిల్లర్లకు సిమెంటు ఊడగొట్టి, చుట్టూ కొత్త సీకులు, అంటే ఇనుప కడ్డీలు, కడుతున్నారని రాశారు. "ఇన్నేండ్ల సంది నిలవడ్డ పిల్లరే గదా తాతా? బాగుంటే ఇడిసిపెట్టాలె, పాడైతే కూలగొట్టాలె. నడుమ ఈ గీకుడెందుకు?" అని అడిగారు. మంచి ప్రశ్న. పెద్దవాళ్ళలో చాలామంది ఇది అడగరు, పగులు కనబడితే లప్పం పూసి రంగు కొట్టించి ఊరుకుంటారు.

జవాబు చెప్పేముందు ఒక పని చెయ్యండి. ఎండిన జొన్న చొప్ప కట్టె ఒకటి తీసుకుని నిలబెట్టి, పైనుంచి అరచేత్తో నొక్కండి. అది నలగదు. నడుమ వంగి పటుక్కున విరుగుతుంది. దాన్ని సగానికి తుంచి మళ్ళీ నొక్కితే అంత సులువుగా వంగదు. పొడవు సగమైతే వంచడానికి నాలుగింతల బరువు కావాలి. ఇప్పుడు పిడికెడు కట్టెలను నడుమ ఒక్కచోటే తాడుతో కట్టి నొక్కండి. పైనా కిందా విచ్చుకుపోతాయి. అదే కట్టకు బెత్తెడుకో కట్టు వేస్తే మీరు మొత్తం బరువు మోపినా నిలబడుతుంది. కట్టెలు మారలేదు, ఒక్కటి కూడా ఎక్కువ పెట్టలేదు. మారింది కట్ల దూరమే.

పిల్లర్‌లో నిలువు సీకులు ఆ కట్టెలు, రింగులు ఆ కట్లు. వాటి నడుమ ఉన్న కాంక్రీటుకు కూడా ఇదే గుణం ఉంది. పైనుంచి బరువు పడితే అది పొట్టిదవుతూ పక్కలకు ఉబ్బుతుంది. ఎక్కువేమీ కాదు, మూడు మీటర్ల పిల్లర్ నలిగిపోయే హద్దుకు వచ్చేసరికి పొడవు తగ్గేది 6 మిల్లీమీటర్లే. కంటికి కనబడదు. బరువు కిందికి పడుతుంది కానీ పగులు పక్కకు వస్తుంది. ఆ పక్కకు పోయేదాన్ని పట్టి ఉంచేది రింగు. సుమారు 1900లో ఫ్రాన్సులో కాన్సిడేర్ అనే ఇంజనీరు సీకును కాంక్రీటు చుట్టూ తెగకుండా చుట్టి పరీక్షించి ఈ సంగతి లోకానికి చూపించాడు.

మన ఊళ్ళలో ఇళ్ళకు ఎక్కువగా వేసే 9 అంగుళాలు, 12 అంగుళాల పిల్లర్‌నే తీసుకుందాం. అంటే 230, 300 మి.మీ. అడ్డుకోతలో నూటికి 0.8 వంతు అయినా నిలువు ఇనుము ఉండాలని మన దేశంలో కాంక్రీటు పనికి పెట్టుకున్న ప్రమాణం, ఐఎస్ 456, చెబుతుంది. లెక్క కడితే 552 చదరపు మి.మీ. 12 మి.మీ. సీకు ఒక్కొక్కటి 113. నాలుగు వేస్తే 452 అవుతుంది, చాలదు. ఆరు వెయ్యాలి. అయినా 'నాలుగు మూలలకు నాలుగు సీకులు' అని సరిపెట్టే చోట్లు ఎన్నో. ఆరు సీకులూ వేసి, ఎం20 అనే గట్టిదనపు మెట్టు కాంక్రీటు సరిగ్గా పోస్తే, బరువు నిట్టనిలువుగా పడేంత వరకు ఆ చిన్న పిల్లర్ దాదాపు 50 టన్నులు మోస్తుంది. అందులో ఇనుము నూటికి ఒక్క వంతే, కానీ బరువులో పదింట మూడు వంతులు తన నెత్తిన పెట్టుకుంటుంది.

ఇక రింగుల దూరం. మూడు లెక్కల్లో ఏది తక్కువైతే అదే హద్దు: పిల్లర్ చిన్న వైపు కొలత, నిలువు సీకు మందానికి 16 రెట్లు, లేదా 300 మి.మీ. మన పిల్లర్‌కు 230, 192, 300. కాబట్టి 192 మి.మీ. మించకూడదు, అంటే ఏడున్నర అంగుళాలు. పని జరిగే చోట 'ఎనిమిది, తొమ్మిది అంగుళాలు' అనే మాట వినబడుతుంది. పైన స్లాబు దగ్గర బీములు అడ్డొస్తాయని అక్కడ రింగులు ఎగ్గొట్టేవాళ్ళూ ఉన్నారు. భూమి కదిలినప్పుడు పిల్లర్ విరిగేది సరిగ్గా అక్కడే, ఆ పై కొసలో, కింది కొసలో. భూకంపం లెక్కచూసి కట్టేచోట ఆ కొసల్లో దూరం 100 మి.మీ. కూడా దాటనివ్వరు.

కట్టుకు ముడి ఎంత ముఖ్యమో రింగుకు కొక్కెం అంత ముఖ్యం. రింగు కొసలు రెండూ 135 డిగ్రీలు తిరిగి, పిల్లర్ కడుపులోకి కనీసం 65 మి.మీ. పోవాలి. మూలమట్టంగా 90 డిగ్రీలు వంచి వదిలేస్తే, పైన ఉన్న కాంక్రీటు పెచ్చు ఊడిన మరుక్షణం ముడి విప్పుకుంటుంది. ముడి విప్పుకున్న కట్ట సంగతి ఇందాకే మీ చేత్తో చూశారు.

1971 ఫిబ్రవరిలో అమెరికాలో కాలిఫోర్నియాలోని శాన్ ఫెర్నాండో దగ్గర భూకంపం వచ్చింది. అప్పుడే కట్టిన ఆలివ్ వ్యూ ఆస్పత్రిలో రెండు రకాల పిల్లర్లు ఉండేవి. రింగులు ఎడంగా ఉన్న మూల పిల్లర్లు పిండయ్యాయి. సీకును దగ్గర దగ్గరగా, తెగకుండా చుట్టిన పిల్లర్లు మాత్రం పెచ్చులు రాలి, ఒక పక్కకు ఒరిగి కూడా పైఅంతస్తులను పట్టుకునే ఉన్నాయి. ఒకే భవనం, ఒకే కుదుపు.

మన వైపు అంత భూకంపాల భయం లేదు. మీ బడి పిల్లర్లకు వచ్చిన జబ్బు వేరు, చిలుము, అంటే తుప్పు. మంచి కాంక్రీటులో సున్నపు గుణం ఉంటుంది, అది ఇనుమును తుప్పు పట్టనివ్వదు. గాలిలోని బొగ్గుపులుసు వాయువు ఏళ్ళ తరబడి మెల్లగా లోపలికి దిగి ఆ గుణాన్ని చంపేస్తుంది. అందుకే సీకు మీద 40 మి.మీ. కాంక్రీటు కప్పు ఉండాలంటారు. సీకుకూ రేకుకూ నడుమ ఎడం ఉంచే కవర్ బిళ్ళలు పెట్టకుండా పోస్తే, సీకు వెళ్ళి పోత చుట్టూ బిగించిన సెంట్రింగ్ రేకుకు ఆనుకుంటుంది, కప్పు 10 మి.మీ. కూడా మిగలదు. సిమెంటు బస్తాకు 25 లీటర్ల చొప్పున పోయాల్సిన నీళ్ళను, కలపడం తేలికవుతుందని 35 లీటర్లు పోస్తే కాంక్రీటు నిండా సందులే. నల్లగొండ బోరు నీళ్ళనగానే అందరికీ ఫ్లోరైడ్ గుర్తొస్తుంది గానీ, సీకుకు అసలు శత్రువు క్లోరైడ్, అంటే ఉప్పు. కాంక్రీటు కలిపే నీళ్ళలో అది లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదు. బిందెడు నీళ్ళు పరీక్షకు పంపడానికి బద్ధకించి, లక్షల ఇనుము తుప్పు పట్టించుకుంటాం. పెద్దవాళ్ళమే!

చిలుము పట్టిన ఇనుము రెండింతల నుంచి ఆరింతల దాకా ఉబ్బుతుంది. తడిసి ఉబ్బిన చొప్ప తన కట్టును తానే తెంపినట్టు, ఆ సీకు తన మీది కాంక్రీటును తానే నెట్టేస్తుంది. మూల సీకు వెంబడి నిలువుగా ఒక సన్నని పగులు, దాని పక్కన గోధుమరంగు మరక. ఇది ఎక్కువగా నేలకు అడుగు, రెండడుగుల ఎత్తులో మొదలవుతుంది, తేమ ఎగబాకేది అక్కడే కాబట్టి. సుత్తితో మెల్లగా తడితే బోలు శబ్దం వస్తుంది. అసలు జబ్బు ఎంత లోతు పోయిందో తెలుసుకోవడానికి తాజాగా పగలగొట్టిన చోట ఫినాఫ్తలీన్ అనే మందు చల్లుతారు. ఆరోగ్యంగా ఉన్న కాంక్రీటు గులాబీ రంగుకు తిరుగుతుంది, చచ్చిన కాంక్రీటు రంగు మారదు. పసుపులో సున్నం కలిపితే ఎర్రబడడం చూశారుగా, ఇదీ ఆ జాతి పరీక్షే.

నా చిన్నతనంలో పాలమూరు పల్లెల్లో పిల్లర్ అన్న మాటే లేదు. మట్టి గోడలు, గుంజలు, గుంజల మీద దూలం, దూలం మీద దంతెలు, పైన మట్టి మిద్దె. గుంజకు చెదలు పడితే ఇల్లు కూలగొట్టుకునేవాళ్ళు కాదు. దూలం కింద పోటు పెట్టి, చెదపట్టిన గుంజను తీసి, కొత్త గుంజ నిలిపేవాళ్ళు. పోటు పెట్టకుండా గుంజ మీద చెయ్యి వేసేవాడు ఊళ్ళో ఉండేవాడు కాదు. పిల్లర్ పనిలోనూ మొదటి అడుగు అదే. పిల్లర్‌కు చేరే బీములన్నింటి కింద ఉక్కు జాకీలు పెట్టి, బరువును కొంత వాటి మీదికి ఎక్కించాలి. ఎందుకో చెబుతాను. పాత పిల్లర్ ఇప్పటికే మోస్తున్న బరువు, చుట్టూ వేసే కొత్త తొడుగుకు తనంతట తాను రాదు. బరువు దించకుండా తొడుగు వేస్తే పాతది మోస్తూనే ఉంటుంది, కొత్తది పక్కన నిలబడి చూస్తుంది. ఒకేసారి పక్కపక్క పిల్లర్లను గీకకూడదు. ఒకటి ముగించి, దూరంగా ఉన్న ఇంకోటి పట్టుకోవాలి.

జాకీలు పెట్టాక ప్లాస్టరు తీసి, బోలుగా ఉన్న కాంక్రీటంతా కొట్టేస్తారు. చిలుము పట్టిన సీకు వెనక వేలు దూరేంత సందు రావాలి, లేకపోతే వెనకవైపు చిలుము అలాగే మిగిలి మళ్ళీ మొదలవుతుంది. తీగ బ్రష్‌తో సీకు మెరిసేదాకా రుద్దాలి. బాగా సన్నబడిన సీకు పక్కన కొత్త సీకు చేర్చాలి. మిగిలిన గట్టి కాంక్రీటును కూడా 5, 6 మి.మీ. లోతున గరుకు చెయ్యాలి. నున్నటి పాత కట్ట చుట్టూ కొత్త కట్టెలు పేర్చి కట్టి చూడండి, నొక్కితే లోపలి కట్ట జారిపోతుంది. జారకుండా ఉండడానికే ఈ గరుకు. దానికి తోడు పాత పిల్లర్‌లో రంధ్రాలు వేసి, అతికించే మందు నింపి, వంచిన చిన్న సీకులు దిగ్గొడతారు. 12 మి.మీ. సీకుకు 16 మి.మీ. రంధ్రం. డ్రిల్లు దుమ్మును గాలి కొట్టి, బ్రష్ పెట్టి, మళ్ళీ గాలి కొట్టి తీయాలి. దుమ్ము మిగిలితే మందు దుమ్మును పట్టుకుంటుంది, కాంక్రీటును కాదు. అలాంటి సీకు చేత్తో లాగితే వచ్చేస్తుంది.

కొత్త నిలువు సీకులు నేల మీదినుంచి మొదలైతే లాభం లేదు. తవ్వి, పునాదిలోకి దించాలి. పైన స్లాబుకు రంధ్రాలు వేసి పై అంతస్తుకు పంపాలి. ఖర్చుకు భయపడి చాలాచోట్ల ఎగ్గొట్టేది ఇదే. రింగులు పైనుంచి తొడగడానికి వీలుండదు కదా, రెండు ముక్కలుగా తెచ్చి రెండు వైపుల నుంచి పెట్టి కొక్కేలు కలుపుతారు, లేదా వెల్డింగ్ చేస్తారు. పాత కట్టడాలను గట్టిపరిచే ఈ పనికి 2013లో వచ్చిన ప్రమాణం, ఐఎస్ 15988, కొన్ని హద్దులు పెట్టింది: తొడుగు మందం 100 మి.మీ.కు తగ్గకూడదు, రింగు 8 మి.మీ.కు సన్నగా ఉండకూడదు, కొత్త కాంక్రీటు పాతదానికంటే కనీసం ఒక మెట్టు గట్టిదై ఉండాలి, ఎం20 ఉంటే ఎం25. చుట్టూ నాలుగంగుళాలు పెరిగి మీ సన్నటి పిల్లర్ 430, 500 మి.మీ. అవుతుంది. వరండాలో మీరు పరుగెత్తే జాగా కొంచెం తగ్గుతుంది, ఓర్చుకోండి.

పోత పోసే ముందు పాత కాంక్రీటును నీళ్ళతో తడపాలి, కానీ పైన నీళ్ళు నిలవకూడదు. కొందరు ఎపాక్సీ బంక పూస్తారు. అది జిగటగా ఉండగానే కాంక్రీటు పడాలి. భోజనానికి పోయి వచ్చేలోపు ఆరిపోయిందంటే, అతికించాల్సిన బంకే రెండింటినీ వేరుచేసే పొర అవుతుంది. ఆ ఇరుకులో మామూలు కంకర దిగదు, 10 మి.మీ. లోపు చిప్స్ ఉండాలి. చివరగా స్లాబు కింద మిగిలే వేలెడు సందు అన్నిటికంటే మొండిది. అక్కడ మామూలు మాలు కుక్కితే ఆరి, కుంచించుకుని సన్నగా ఖాళీ వదులుతుంది, బరువు తొడుగుకు అందదు. కుంచించుకోని గ్రౌట్‌ను, అంటే జారుగా ఉండే సిమెంటు మిశ్రమాన్ని, ఒత్తిడితో ఎక్కించాలి. తర్వాత గోనె సంచులు చుట్టి, మన ఎండల్లో కనీసం 10 రోజులు, బూడిద కలిసిన పీపీసీ సిమెంటైతే 14 రోజులు తడిగా ఉంచాలి. పొద్దున ఒకసారి పైపుతో చల్లిపోతే తడిపినట్టు కాదు.

జాగా లేనిచోట నాలుగు మూలలకు ఎల్ ఆకారపు ఇనుప యాంగిళ్ళు పెట్టి పట్టీలతో వెల్డింగ్ చేస్తారు. కార్బన్ బట్టను ఎపాక్సీతో చుట్టే పద్ధతీ ఉంది. మిల్లీమీటరు మందం బట్ట, నమ్మబుద్ధి కాదు! కానీ అది గుండ్రటి పిల్లర్‌నే బాగా పట్టుకుంటుంది. చదరపు పిల్లర్ మూలలను ముందే అరగదీసి గుండ్రం చెయ్యకపోతే మూల దగ్గరే తెగుతుంది. ఎపాక్సీకి నిప్పు వేడి పడదు కూడా.

మరి నల్లగొండ దగ్గరి పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం రాతి స్తంభాల్లో ఏ సీకూ రింగూ లేదు, ఎలా నిలిచాయని మీరు అడుగుతారని తెలుసు. అవి లావు, పైబరువు నిట్టనిలువుగా పడుతుంది, అంతవరకు చెప్పగలను. అక్కడి గర్భగుడిలో పడే స్తంభం నీడ గురించి మాత్రం నేను చెప్పను. ఒక ఆదివారం పోయి, ఏ స్తంభం నీడో మీరే వెతకండి.

అంతకుముందు మీ వీధిలో కొత్త ఇల్లు ఎక్కడ లేస్తుందో చూడండి. పిల్లర్ సీకులు కట్టి, రేకులు ఇంకా బిగించని రోజున పోవాలి. మేస్త్రిని మర్యాదగా అడిగి, స్కేలు పెట్టి రింగుకు రింగుకు దూరం మూడు చోట్ల కొలవండి: కింద, నడుమ, పైన బీము దగ్గర. కొక్కెం కొస ఎటు తిరిగిందో, కవర్ బిళ్ళలు ఉన్నాయో లేదో చూసి నాకు రాయండి. చెప్పులు వేసుకుని పోండి, మేకులుంటాయి. మీ బడిలో జాకీలు పెట్టిన వరండాలోకి మాత్రం, బంతి పోయినా సరే, పోవద్దు.

మీ
తాత