స్నో లెపర్డ్ మళ్లీ వస్తుందంటున్నారు సరే, మొదటిది ఎలా ఉండేదో గుర్తుందా?

2025 నవంబరులో బ్లూమ్‌బర్గ్‌లో వచ్చిన ఒక వార్తతో మ్యాక్ వాడే పాతకాపులంతా ఒక్కసారి లేచి కూర్చున్నారు. 2026లో రాబోయే ఓఎస్‌లలో (మెషీన్‌ను నడిపే అసలు సాఫ్ట్‌వేర్ అన్నమాట) ఆపిల్ కొత్త హంగులు తగ్గించి (ఏఐ సంగతి వేరు, అది ఎలాగూ తప్పదు), ఉన్నవాటిలో బగ్స్ ఏరేసి వేగం పెంచే పని మీద కూర్చోబోతోందని ఆ వార్త. పోలికకు తెచ్చిన పేరు స్నో లెపర్డ్, అంటే 2009లో వచ్చిన మ్యాక్ ఓఎస్ 10.6. ఆ పేరు చెబితే చాలు, అప్పట్లో మ్యాక్ కొన్నవాళ్లు అలాంటి ఓఎస్ మళ్లీ పుట్టలేదని మొదలుపెడతారు. ఏటా జూన్‌లో డెవలపర్ల సభకు ముందు ఎవరో ఒకరు ఈ కోరిక కోరడం, శరత్కాలంలో అది తీరకపోవడం కూడా మామూలే అయిపోయింది.

నాకు మాత్రం ఇక్కడ చిన్న పేచీ ఉంది. మన జ్ఞాపకంలో ఉన్న స్నో లెపర్డ్ వేరు, 2009 ఆగస్టు 28న డీవీడీ మీద వచ్చిన స్నో లెపర్డ్ వేరు. ఆ రెండింటి మధ్య దాదాపు రెండేళ్ల రిపేర్లు ఉన్నాయి. దూరపు కొండలు నునుపు అని ఊరికే అనలేదు.

ముందు ఇప్పటి గొడవేంటో చూద్దాం. 2025 సెప్టెంబరు 15న మ్యాక్ ఓఎస్ 26 టాహో వచ్చింది, దాంతోపాటు గాజులా మెరిసే లిక్విడ్ గ్లాస్ అనే కొత్త రూపం వచ్చింది. అక్షరాల వెనక ఏముందో అది కూడా కనపడుతుంటే చదవడం కష్టంగా ఉందని గోల మొదలై, నవంబరులో 26.1 వచ్చేసరికి ఆ గాజుకు కాస్త రంగు పులిమే ఆప్షన్ ఇవ్వాల్సి వచ్చింది. అంతకన్నా చికాకు పెట్టింది ఇంకొకటి. స్లాక్, డిస్కార్డ్, వీఎస్ కోడ్ లాంటి యాప్స్ ఎలక్ట్రాన్ అనే ఒకే పునాది మీద కట్టినవి. విండో మూలల ఆకారం తనకు కావలసినట్టు రావడానికి ఎలక్ట్రాన్ ఎప్పుడో ఆపిల్ బయటపెట్టని ఒక లోపలి ఫంక్షన్‌ను పట్టుకుని మార్చుకుంది. పాత ఓఎస్‌లలో ఎవరికీ ఏమీ కాలేదు. టాహోలో మాత్రం ఆ మార్పు వల్ల విండో చుట్టూ ఉండే నీడను ఒకసారి గీసి దాచుకోవాల్సిన విండోసర్వర్ (తెర మీద విండోలు చూపించే ఓఎస్ భాగం) మళ్లీ మళ్లీ గీస్తూ కూర్చుంది. మనం ఏమీ చేయకుండా యాప్‌ను ఊరికే తెరిచి ఉంచినా సరే, తెర వెనక గ్రాఫిక్స్ చిప్ జీపీయూ ఆ నీడకే చాకిరీ చేస్తుండేది, స్క్రోల్ చేస్తే నత్తనడక. తప్పెవరిదంటే ఇద్దరిదీ. ఎలక్ట్రాన్ వాళ్లు సరిచేశారు, కానీ ఆ సవరణ ఒక్కో యాప్ ఒక్కో అప్‌డేట్‌గా ఇస్తేగానీ మన దాకా రాలేదు.

ఇక పాత కథ. 2009లో ఆపిల్ సభలో అప్పటి సాఫ్ట్‌వేర్ పెద్ద బెర్ట్రాండ్ సెర్లే వేదిక మీద "కొత్త ఫీచర్లు సున్నా" అని చూపించినప్పుడు జనం చప్పట్లు కొట్టారు. నిజానికి సున్నా కాదు. ఫైళ్లు, ఫోల్డర్లు చూపించే ఫైండర్‌ను మళ్లీ మొదట్నుంచి రాశారు, చాలా యాప్స్‌ను 64 బిట్‌కు మార్చారు, పనిని ప్రాసెసర్‌లోని అన్ని కోర్లకూ పంచే గ్రాండ్ సెంట్రల్ డిస్పాచ్ పెట్టారు, బొమ్మలు గీసే జీపీయూ చేత లెక్కలు కూడా చేయించే ఓపెన్‌సీఎల్ తెచ్చారు. ఇవన్నీ ఇంటి పునాది పనులు, గోడకు సున్నం కాదు కాబట్టి బయటికి కనపడవు. దాని ముందు ఓఎస్ అయిన లెపర్డ్ ఉన్నవాళ్లకు ధర 29 డాలర్లు. ఇన్‌స్టాల్ చేస్తే 7 జీబీ దాకా ఖాళీ అవుతుందన్నారు, అందులో కొంత పాత పవర్‌పీసీ (ఇంటెల్‌కు ముందు మ్యాక్‌లలో ఉండే ప్రాసెసర్) కోడ్ తీసేయడం వల్ల వచ్చింది, మిగతాదాంట్లో మన కళ్లకు గంతలు కట్టింది కూడా కొంత ఉంది. అప్పటిదాకా కిలోబైట్‌కు 1024 బైట్లని లెక్కించే డిస్కు సైజును ఈ ఓఎస్ 1000తో లెక్కించడం మొదలుపెట్టింది, దాంతో అదే డిస్కు కొంచెం పెద్దగా కనపడింది!

మొదటి నెలల్లో బయటపడ్డ బగ్ తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. మ్యాక్‌లో గెస్ట్ అకౌంట్ అని ఉంటుంది కదా, ఇంటికి వచ్చిన చుట్టాలబ్బాయికి ఇచ్చామనుకోండి, వాడు లాగౌట్ అవగానే వాడి ఫైళ్లన్నీ చెరిగిపోవాలి, అది దాని పని. కొన్ని మెషీన్లలో ఏమైందంటే గెస్ట్‌గా వెళ్లి బయటికి వచ్చి మళ్లీ మన అకౌంట్ తెరిస్తే, ఖాళీ అయింది గెస్ట్ ఫోల్డర్ కాదు, మన హోమ్ ఫోల్డర్. ఫోటోలు, పాటలు, డాక్యుమెంట్లు అన్నీ పోయి కొత్త మెషీన్ కొన్నట్టు ఉంటుంది. అది చాలా అరుదుగా జరుగుతోందని, చూస్తున్నామని 2009 అక్టోబరులో ఆపిల్ ఒప్పుకుంది. నవంబరు 9న వచ్చిన 10.6.2తో గానీ మందు పడలేదు. అంటే ఈ రోజు మనం దేవుడి పటం పక్కన పెట్టుకునే ఆ ఓఎస్ మొదటి రెండు నెలలూ బ్యాకప్ లేనివాళ్ల పాలిట యముడిలా తిరిగింది.

గ్రాఫిక్స్ విషయానికి వస్తే కథ ఇంకా పొడుగు. విండోస్‌లో గేమ్ సరిగా ఆడకపోతే ఎన్‌విడియా సైట్‌కో, ఏఎండీ సైట్‌కో వెళ్లి కొత్త డ్రైవర్ (కార్డుకూ ఓఎస్‌కూ మధ్య దుబాసీ పని చేసే సాఫ్ట్‌వేర్) దించుకుంటాం. అప్పటి మ్యాక్‌లలో ఆ దారి దాదాపు లేదు. కార్డు ఏ కంపెనీది అయినా డ్రైవర్ ఓఎస్‌తోపాటే రావాలి, ఆపిల్ చేతి మీదుగానే రావాలి. అందుకే 10.6.3 వస్తోందంటే, 10.6.4 వస్తోందంటే గేమ్స్ ఆడేవాళ్లు, వీడియో ఎడిటింగ్ చేసేవాళ్లు అంత ఆశగా ఎదురుచూసేవాళ్లు, ఎందుకంటే గ్రాఫిక్స్ బాగుపడే కిటికీ వాళ్లకు అదొక్కటే. అప్పటి మ్యాక్‌లలో ఎన్‌విడియా, ఏటీఐ, ఇంటెల్ మూడు రకాల చిప్స్ ఉండేవి, 2010 ఏప్రిల్‌లో వచ్చిన మ్యాక్‌బుక్ ప్రోలలో 15, 17 అంగుళాలవైతే రెండు చిప్స్ పెట్టుకుని పనిని బట్టి దాన్నుంచి దీనికి, దీన్నుంచి దానికి మారుతూ ఉండేవి. పైగా గేమ్స్ బొమ్మలు గీయించుకునే ప్రమాణం ఓపెన్‌జీఎల్ స్నో లెపర్డ్‌లో 2.1 దగ్గరే ఉంది, ఆ ప్రమాణం మాత్రం అదే 2009 ఆగస్టులో 3.2కు చేరింది.

ఈ లోపంతా ఒక్క రోజులో బట్టబయలైంది. 2010 మే 12న గేమ్స్ కంపెనీ వాల్వ్ తన ఆన్‌లైన్ గేమ్స్ దుకాణం స్టీమ్‌ను మ్యాక్‌కు తెచ్చింది, మే 24 దాకా పోర్టల్ గేమ్‌ను ఉచితంగా ఇచ్చింది. జనం ఎగబడ్డారు. ఇక్కడే చిక్కొచ్చి పడింది. అప్పటికి ఇంటెల్ మ్యాక్‌లలో బూట్ క్యాంప్‌తో విండోస్ కూడా వేసుకోవచ్చు, కాబట్టి అదే మెషీన్, అదే కార్డు, అదే గేమ్, ఒకసారి విండోస్‌లో, ఒకసారి మ్యాక్‌లో ఆడి చూసుకున్నారు. విండోస్‌లో గేమ్ ఎక్కువ ఫ్రేమ్‌లతో సాఫీగా నడిచింది. హార్డ్‌వేర్ మీద నెట్టడానికి ఇక వీల్లేదు. జూన్ 15న 10.6.4 వచ్చింది, ఆశపడ్డంత ఒరగలేదు. ఆగస్టు 17న ఆపిల్ మామూలుగా చేయని పని చేసింది, గ్రాఫిక్స్ కోసమే విడిగా స్నో లెపర్డ్ గ్రాఫిక్స్ అప్‌డేట్ అని ఇచ్చింది. కొన్ని మ్యాక్‌లలో పోర్టల్, టీమ్ ఫోర్ట్రెస్ 2 గేమ్‌ల ఫ్రేమ్ రేటు సమస్య తీరుస్తున్నామని, ఫోటోల యాప్ అపర్చర్ 3, స్టార్‌క్రాఫ్ట్ 2 గేమ్ ఉన్నట్టుండి ఆగిపోవడం సరిచేశామని అందులో పేర్లు పెట్టి మరీ రాశారు. ఆపిల్ నోట్స్‌లో ఆటల పేర్లు! ఫలానా గేమ్ నా డ్రైవర్ వల్లే మొరాయించిందని ఒప్పుకున్నట్టే కదా.

ఆ తర్వాత ఒక్కో రిపేరూ పడుతూ 2011 జూన్ 23కు 10.6.8 అయింది. జనం మనసులో నిలిచిపోయింది ఇదీ. సరిగ్గా 27 రోజులకు, జూలై 20న, తర్వాతి ఓఎస్ లయన్ వచ్చేసింది. అందరూ పొగిడే ఆ స్నో లెపర్డ్ తాజా ఓఎస్‌గా బతికింది ఆ 27 రోజులే.

మన వైపు నుంచి చూస్తే ఇంకో తమాషా ఉంది. అంత గొప్ప స్నో లెపర్డ్‌లో తెలుగు ఫాంటు లేదు. విడిగా వేసుకోకపోతే తెలుగు పేజీలో అక్షరాల బదులు డబ్బాలే డబ్బాలు. తెలుగు సంగం ఎంఎన్, తెలుగు ఎంఎన్ ఫాంట్లు వచ్చింది అందరూ తిట్టిపోసిన లయన్‌తోనే. ఎవరికి ఏది మంచి ఓఎస్ అనేది ఎక్కడ కూర్చుని చూస్తున్నాం అన్నదాన్ని బట్టి కూడా ఉంటుంది మరి.

2012 నుంచి ఆపిల్ ఏడాదికొక ఓఎస్ అనే లెక్కకు వచ్చేసింది. లెపర్డ్ నుంచి స్నో లెపర్డ్‌కు 22 నెలలు, అక్కడి నుంచి లయన్‌కు దాదాపు 23 నెలలు పట్టిన చోట ఇప్పుడు 12. బగ్స్ సర్దుకునేసరికి తర్వాతిది గుమ్మంలో నిలబడి ఉంటుంది. 2014లో వచ్చిన యోసెమిటీలో నెట్‌వర్క్ పని చూసే పాత ప్రోగ్రామ్ తీసేసి డిస్కవరీడీ అని కొత్తది పెడితే, వైఫై తెగిపోవడం ఒకటైతే, మ్యాక్ తన పేరునే వేరే ఎవరో పెట్టుకున్నారనుకుని పక్కన 2, 3 అని అంకెలు తగిలించుకుంటూ పోయింది. 2015 జూన్ 30న 10.10.4లో గుట్టుగా పాతదాన్నే తెచ్చి మళ్లీ పెట్టారు. ఆ ఏడాదే వచ్చిన ఎల్ క్యాపిటన్‌ను స్నో లెపర్డ్‌తో పోల్చారు, కొంతవరకు అర్హత ఉంది కూడా, ఓపెన్‌జీఎల్ బదులు ఆపిల్ సొంతంగా చేసుకున్న మెటల్ మ్యాక్‌కు వచ్చింది దాంతోనే. మెటల్ వచ్చాక ఓపెన్‌జీఎల్‌ను పట్టించుకున్నవాడు లేడు, 4.1 దగ్గర ఆగిపోయింది, 2018లో ఇక దీన్ని వాడొద్దని చెప్పేశారు. ఎన్‌విడియా కూడా అదే ఏడాది మ్యాక్ గడప దాటిపోయింది. 2017 నాటి హై సియెరా దాకా, విడిగా కొని పెట్టుకున్న కార్డులకు మాత్రం ఎన్‌విడియానే డ్రైవర్ ఇచ్చేది, ఓఎస్‌కు చిన్న సెక్యూరిటీ అప్‌డేట్ పడినా ఆ డ్రైవర్ పని మానేసేది, మళ్లీ కొత్తది వచ్చేదాకా అప్‌డేట్ కొట్టినవాడు తలపట్టుకునేవాడు. దాని తర్వాతి ఓఎస్ మొజావేకు ఆ డ్రైవరే రాలేదు.

హై సియెరా అంటే గుర్తొచ్చింది, 2017లో దాన్ని కూడా మెరుగులు దిద్దే అప్‌డేట్ అనే చెప్పారు. నవంబరు 28న ఒక టర్కీ డెవలపర్ బయటపెట్టిన సంగతి ఇదీ: సెట్టింగ్స్‌లో తాళం బొమ్మ నొక్కి, యూజర్ పేరు చోట రూట్ అని కొట్టి, పాస్‌వర్డ్ ఖాళీగా వదిలి రెండు మూడుసార్లు ఎంటర్ కొడితే మొత్తం మెషీన్ మన చేతికొచ్చేస్తుంది. మర్నాడే సవరణ ఇచ్చారు, ఆ సవరణతో కొందరికి ఫైల్ షేరింగ్ పోయింది.

మూడు నెలలు తిరగకుండా మన వంతు వచ్చింది. 2018 ఫిబ్రవరిలో ప్రపంచ పత్రికలన్నీ "ఐఫోన్‌ను కూల్చే తెలుగు అక్షరం" అని రాశాయి, గుర్తుందా? జ, పొల్లు, ఞ, వీటి తర్వాత కంటికి కనపడని జీరో విడ్త్ నాన్ జాయినర్, ఆపైన దీర్ఘం. ఈ వరసలో కోడ్‌లు పడితే, అక్షరాలను తెర మీద పేర్చే కోర్‌టెక్స్ట్ జ్ఞాపకంలో తప్పు చోట కాలు పెట్టి పడిపోయేది, దాన్ని చూపిస్తున్న యాప్ కూడా దాంతోపాటే పడిపోయేది. యాప్ మళ్లీ తెరిస్తే మళ్లీ అదే మెసేజ్ గీయబోతుంది, మళ్లీ పడిపోతుంది. నోటిఫికేషన్‌గా వస్తే ఫోన్ హోమ్ స్క్రీనే గల్లంతు. మ్యాక్‌లకూ ఇదే జబ్బు. మనం రోజూ జ్ఞానం, జ్ఞాపకం అని కొడుతూనే ఉన్నాం, ఏమీ కాలేదు, ఎందుకంటే మధ్యలో ఆ కనపడని కోడ్ మనం పెట్టం. పాపం అక్షరం తప్పేమీ లేదు, పేరు మాత్రం దానికే వచ్చింది. ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6తోనూ, మ్యాక్‌కు 10.13.3 మీద ఇచ్చిన అదనపు అప్‌డేట్‌తోనూ దాన్ని మూసేశారు.

మరి ఈసారి ఆశకు ఆధారం లేదా అంటే, ఒకటి గట్టిగానే ఉంది. ఇంటెల్ మ్యాక్‌లకు టాహోనే ఆఖరిదని 2025 జూన్‌లో ఆపిల్ చెప్పేసింది. స్నో లెపర్డ్ పవర్‌పీసీని వదిలించుకున్నట్టే తర్వాతిది ఇంటెల్‌ను వదిలించుకుంటుంది, దాంతోపాటే ఆ ఏఎండీ, ఇంటెల్ గ్రాఫిక్స్ డ్రైవర్ల మూటా దించేసుకుంటుంది. మిగిలేది 2020లో ఆపిల్ సొంత చిప్ ఎం1తో మొదలైన సొంత జీపీయూ ఒక్కటే. చిప్ వాళ్లదే, డ్రైవర్ వాళ్లదే, మెటల్ వాళ్లదే, 2010లోలాగా ఎన్‌విడియాతో కూర్చుని మాట్లాడాల్సిన పని లేదు. లిక్విడ్ గ్లాస్ నత్తనడక నడిస్తే చెప్పుకోవడానికి సాకు కూడా లేదు. అయినా నేనైతే మొదటి రోజు వేసుకోను, బ్యాకప్ తీసి నాలుగో అప్‌డేట్ దాకా ఆగుతాను.

ఇంటెల్ మ్యాక్ ఉన్నవాళ్లకు మాత్రం ఈ స్నో లెపర్డ్ ముచ్చట ఎలాగూ లేదు, 2009లో పవర్‌పీసీ వాళ్లు లెపర్డ్ దగ్గరే ఆగిపోయినట్టు వీళ్లు టాహో దగ్గర ఆగి, సెక్యూరిటీ అప్‌డేట్లు వచ్చినన్నాళ్లు లాక్కురావడమే.