పది మీటర్లు అటు, పది మీటర్లు ఇటు

హ్యామ్ రేడియో, అంటే సరదాకి సొంతంగా నడుపుకునే రేడియో స్టేషన్, దాని లైసెన్సు చేతికొచ్చాక చాలామంది డబ్బంతా పంపడం, వినడం రెండూ చేసే ట్రాన్స్‌సీవర్ మీదే పెడతారు. యాంటెన్నా వంతు వచ్చేసరికి ఏదో ఒక తీగ కట్టేద్దాంలే అనుకుంటారు. జరగాల్సింది దీనికి పూర్తిగా తిరగేసి. 100 వాట్ల కొత్త సెట్టును కొలతా లెక్కా లేని తీగకు తగిలిస్తే ఆ శక్తిలో చాలా భాగం కేబుల్లోనే వేడిగా పోతుంది, లేదా సెట్టే భయపడి పవర్ తగ్గించేసుకుంటుంది. 20 వాట్ల పాత సెట్టయినా సరిగ్గా కొలిచి, ఎత్తుగా కట్టిన తీగకు కలిపితే హైదరాబాద్ నుంచి విజయవాడ, కర్నూలు, బెంగళూరు పగటిపూట శుభ్రంగా పలుకుతాయి. పైగా వినికిడి కూడా ఆ తీగదే. యాంటెన్నాకు అందని సిగ్నల్‌ను ఎంత ఖరీదైన సెట్టూ వినిపించలేదు.

ఇంట్లో తయారుచేసుకోదగ్గ మొదటి యాంటెన్నా డైపోల్, అంటే మధ్యలో కేబుల్ కలిపి అటూ ఇటూ సమానంగా చాచిన రెండు తీగలు; వాటినే చేతులు అంటాం. అదీ 40 మీటర్ల బ్యాండుకు, అంటే తరంగం పొడవు సుమారు 40 మీటర్లుండే ఫ్రీక్వెన్సీలకు. మన దేశంలో ఈ బ్యాండ్ 7.000 నుంచి 7.200 మెగాహెర్ట్జ్ దాకా. 1880లలో హైన్రిక్ హెర్ట్జ్ రేడియో తరంగాలను మొదటిసారి పుట్టించి చూపింది కూడా మధ్యలో విడదీసిన ఇలాంటి రెండు చేతుల అమరికతోనే. డైపోల్‌ను గిన్నె బోర్లించినట్టు, అంటే తిరగేసిన ‘వి’ ఆకారంలో కడితే మధ్యలో ఒక్క గొట్టం చాలు. రెండు చివరలూ తాళ్లతో కిందికి లాగి కట్టేయవచ్చు.

ముందు పొడవు సంగతి. 300ను బ్యాండు మధ్యనున్న 7.1తో భాగిస్తే తరంగదైర్ఘ్యం 42.25 మీటర్లు, అందులో సగం 21.1. కానీ అంత పొడవున కోస్తే యాంటెన్నా బ్యాండుకంటే తక్కువ ఫ్రీక్వెన్సీ దగ్గరెక్కడో బాగా పలుకుతుంది. తీగ చివరల దగ్గర విద్యుత్ క్షేత్రం గాల్లోకి వ్యాపించి, తీగ ఉన్నదానికంటే పొడవుగా ఉన్నట్టు ప్రవర్తిస్తుంది. అందుకే హ్యాములు 150కి బదులు 143ను మెగాహెర్ట్జ్‌తో భాగిస్తారు. 143ను 7.1తో భాగిస్తే 20.14 మీటర్లు, అంటే ఒక్కో చేతికి 10.07. తీగ మీది పీవీసీ తొడుగు ఈ పొడవును ఇంకో రెండు మూడు శాతం తగ్గిస్తుంది. చేతులు కిందికి వాల్చడం, నేల దగ్గరగా ఉండటం మరికొంత తగ్గిస్తాయి. కాబట్టి సూత్రం ఇచ్చేది మొదలుపెట్టడానికి ఒక అంకె మాత్రమే. ఒక్కో చేతిని 10.4 మీటర్లకు కొలిచి, ఇన్సులేటర్లకు చుట్టుకోవడానికి విడిగా 30 సెంటీమీటర్లు కలుపుకుని కోయండి. మొత్తం 22 మీటర్లు కొంటే సరిపోతుంది. ఎక్కువైన తీగను తగ్గించడం నిమిషం పని. తక్కువైన తీగకు అతుకు వేస్తే ఆ అతుకే తర్వాత తలనొప్పి.

తీగ ఇళ్ల వైరింగుకు వాడే 1.5 చదరపు మిల్లీమీటర్ల మల్టీస్ట్రాండ్ రాగి వైరు. ఇంటికి కరెంటు లాగే అల్యూమినియం సర్వీస్ వైరు చవకే గానీ దానికి టంకం పట్టదు. రాగితో మెలిపెట్టి వదిలేస్తే వానకు ఆ జాయింటు తెల్లగా పొడిబారి ఊడుతుంది. చివరి ఇన్సులేటర్లకు ముప్పావు అంగుళం పీవీసీ పైపును 15 సెంటీమీటర్ల ముక్కలుగా కోసి, రెండు కొసల్లో బెజ్జాలు వేస్తే చాలు. చెక్క మాత్రం వద్దు, వానకు నానుతుంది. యాంటెన్నా చివరలే వోల్టేజీ అన్నిటికంటే ఎక్కువగా ఉండే చోటు. 100 వాట్ల దగ్గర అక్కడ వందల వోల్టులు నిలుస్తాయి. మధ్య భాగానికి వంటింట్లో కూరగాయలు తరిగే తెల్ల ప్లాస్టిక్ బోర్డు నుంచి అరచేయంత ముక్క కోసుకుంటే సరి. తాళ్ల విషయంలో పొదుపు వద్దు. బజార్లో దొరికే రంగుల ప్లాస్టిక్ తాడు ఎండకు పీచుపీచై ఒకరోజు గాలికి తెగుతుంది. ఎండకు తట్టుకునే పాలియెస్టర్ తాడు, 4 లేదా 5 మిల్లీమీటర్లది, మంచిది.

సెట్టును యాంటెన్నాకు కలిపే కేబుల్ 50 ఓమ్‌ల ఆర్‌జి-58. మధ్యలో ఒక తీగ, దాని చుట్టూ సన్నటి తీగల అల్లిక ఉంటాయి. 20 మీటర్ల పొడవుకు 7 మెగాహెర్ట్జ్ దగ్గర నష్టం 1 డెసిబెల్ లోపే, పట్టించుకోనక్కర్లేదు. ఇంట్లో మిగిలిన డిష్ టీవీ కేబుల్, అంటే 75 ఓమ్‌ల ఆర్‌జి-6 కూడా ఈ బ్యాండులో పనిచేస్తుంది. కాకపోతే దాని పై అల్లిక సాధారణంగా అల్యూమినియం, టంకం పట్టదు. నొక్కి బిగించే ఎఫ్ కనెక్టరుతో సర్దుకోవాలి.

ఈ యాంటెన్నా బతుకంతా మధ్య జాయింటులోనే ఉంది. ప్లాస్టిక్ ముక్కకు అటూ ఇటూ రెండేసి బెజ్జాలు వేసి, ఒక్కో చేతి తీగను ఒక బెజ్జంలో దూర్చి రెండో దాంట్లోంచి వెనక్కి తెచ్చి మెలిపెట్టాలి. బరువంతా ఆ మెలిక మీదే పడాలి, టంకం మీద కాదు. కేబుల్ కొసను 6 సెంటీమీటర్ల మేర ఒలిచి, అల్లికను విప్పి ఒక పాయగా పేని, లోపలి తీగను ఇంకో పాయగా ఉంచి, ఒక్కోదాన్ని ఒక్కో చేతికి చుట్టి టంకం పెట్టాలి. చిన్న ఐరన్‌తో చాలాసేపు కాల్చితే లోపలి పాలిథిన్ కరిగి రెండు పాయలూ తగులుకుంటాయి. 60 వాట్ల ఐరన్‌తో చకచకా ముగించి, చల్లారాక మల్టీమీటరుతో రెండింటి మధ్య షార్ట్ లేదని చూడండి. కేబుల్‌ను ప్లాస్టిక్ ముక్కకు జిప్ టైలతో రెండు చోట్ల కట్టేయాలి, దాని బరువు టంకానికి వేలాడకూడదు.

ఇక నీళ్లు. విప్పిన అల్లిక దీపం వత్తి నూనె పీల్చినట్టు వాన నీటిని పీల్చి కేబుల్ లోపల మీటర్ల దూరం లాక్కుపోతుంది. జాయింటు మొత్తాన్ని తనంతట తాను అతుక్కునే రబ్బరు టేపుతో కింది నుంచి పైకి చుట్టి, దాని మీద మామూలు ఇన్సులేషన్ టేపు వేయాలి. సిలికాన్ సీలెంట్ పూసేవాళ్లు ఒక్కసారి వాసన చూడండి. వెనిగర్ ఘాటు వస్తే అది ఆరేటప్పుడు ఎసిటిక్ ఆమ్లం వదిలే రకం, రాగిని తినేస్తుంది. ఎలక్ట్రానిక్స్‌కు పనికొచ్చే న్యూట్రల్ రకం అడిగి తీసుకోవాలి.

జాయింటుకు కిందే ఒక చోక్ ఉండాలి. డైపోల్ రెండు చేతులూ సమానం, కేబుల్ మాత్రం కాదు. చోక్ లేకపోతే అల్లిక బయటి వైపు కూడా కరెంటు పారి, కేబుల్ మూడో చెయ్యి అవుతుంది. మైకు పెదవికి తగిలితే చురుక్కుమనడం, పక్కనున్న కంప్యూటర్ స్పీకర్లలో మీ గొంతు గరగరమనడం, చెయ్యి సెట్టు మీద పెట్టగానే మీటరు కదలడం, ఇవన్నీ దాని గుర్తులే. చవకైన మందు ఆ కేబుల్‌నే 4.5 మీటర్ల మేర 24 సెంటీమీటర్ల వ్యాసంతో 6 చుట్లు చుట్టి, చుట్లు పక్కపక్కనే ఉండేలా జిప్ టైలతో బిగించడం. పెద్ద ఫెరైట్ రింగు, 31 మిక్స్ అనే రకానిది దొరికితే దాని మీద 10 నుంచి 12 చుట్లు ఇంకా బాగా పనిచేస్తాయి.

కట్టే చోటు చూసుకునేటప్పుడు మొట్టమొదట చూడాల్సింది కరెంటు తీగలు. గొట్టం పడినా, తీగ తెగి ఎగిరినా వీధి లైనుకు గానీ 11 కేవీ లైనుకు గానీ తగిలే అవకాశం ఉంటే ఆ చోటు వదిలేయండి. ఇందులో సర్దుబాటు లేదు. గొట్టం ఎత్తేటప్పుడు ఇంకో మనిషి తప్పకుండా ఉండాలి.

మధ్య భాగం 10 మీటర్ల ఎత్తున, చివరలు 5 మీటర్ల ఎత్తున ఉంటే రెండు చేతుల మధ్య కోణం 120 డిగ్రీలు వస్తుంది. ఇంపెడెన్స్, అంటే యాంటెన్నా కేబుల్‌కు చూపే నిరోధం, కేబుల్‌కు సరిపోయే 50 ఓమ్‌ల దగ్గరికి చేరేది ఈ కోణం చుట్టుపక్కలే. చివరలు 3 మీటర్లకు దిగితే కోణం 90, అంతకంటే మూయకూడదు. మనిషి చేతికి అందే ఎత్తులో చివర ఉంటే ప్రసారం చేస్తుండగా ముట్టుకున్నవాళ్లకు చర్మం కాలుతుంది. 120 డిగ్రీల అమరికకు నేల మీద కావాల్సిన చోటు దాదాపు 17.3 మీటర్లు. 200 గజాల స్థలం, 30 అడుగుల వెడల్పు 60 అడుగుల పొడవు ఉండేది, పొడవు వైపు 18 మీటర్లు. అంటే మామూలు ఇంటి మీదే పట్టేస్తుంది. ఒక చివర కొబ్బరిచెట్టుకు కట్టాల్సివస్తే తాడును కప్పీ మీదుగా పోనిచ్చి కొసకు ఒక ఇటుక వేలాడదీయండి. చెట్టు ఊగినప్పుడు ఇటుక లేచి దిగుతుంది, తీగ తెగదు.

ఇప్పుడు కొలత. వెళ్లిన శక్తిలో ఎంత వెనక్కి తిరిగొస్తోందో చెప్పేది ఎస్‌డబ్ల్యూఆర్. అది 1.5 ఉంటే తిరిగొచ్చేది 4 శాతం, 2 ఉంటే 11 శాతం, 3 ఉంటే 25 శాతం. నానోవీఎన్ఏ అనే చిన్న పరికరం చేతిలో ఉంటే 6.5 నుంచి 7.5 దాకా ఒక్కసారే గీత గీసి చూపిస్తుంది. లేకపోతే మామూలు మీటరుతో, ఫ్రీక్వెన్సీ ఖాళీగా ఉందో లేదో విని, కాల్‌సైన్, అంటే లైసెన్సుతో వచ్చిన మీ స్టేషన్ గుర్తు, చెప్పి, 5 వాట్ల దగ్గర బ్యాండు లోపలే మూడు నాలుగు చోట్ల చూసుకోవచ్చు. గీత ఎక్కడ లోయలా దిగిందో ఆ ఫ్రీక్వెన్సీ రాసుకోండి. ఒక్కో చెయ్యి 10.4 మీటర్లున్నప్పుడు లోయ 6.85 దగ్గర పడిందనుకుందాం. 10.4ను 6.85తో గుణించి, కావలసిన 7.1తో భాగిస్తే 10.03. అంటే ఒక్కో చేతి నుంచి 37 సెంటీమీటర్లు తగ్గాలి. కత్తెర తీయకండి. ఆ మేరకు తీగను వెనక్కి మడిచి, తన మీదే బిగుతుగా చుట్టేయండి. మడిచిన భాగం లెక్కలోకి దాదాపు రాదు, పొరపాటు జరిగితే విప్పుకోవచ్చు. దగ్గరికొచ్చాక గుర్తుంచుకోవాల్సిన అంకె ఒక్కటే: రెండు వైపులా ఒక్కో సెంటీమీటరు తగ్గిస్తే లోయ సుమారు 7 కిలోహెర్ట్జ్ పైకి జరుగుతుంది. ప్రతిసారీ రెండు వైపులూ సమానంగానే మార్చాలి.

లోయే కనిపించకపోతే ఒక చెయ్యి జాయింటు దగ్గర ఊడిందో, కనెక్టరులో అల్లిక వెంట్రుక ఒకటి మధ్య పిన్నుకు తగిలిందో చూడాలి. లోయ సరైన చోటే ఉన్నా 2 కంటే దిగకపోతే కింద రేకుల షెడ్డు గానీ ఇనుప రెయిలింగు గానీ మరీ దగ్గరగా ఉండొచ్చు. అన్నిటికంటే మోసం చేసేది మూడో రకం: 3 నుంచి 30 మెగాహెర్ట్జ్ దాకా ఎక్కడ చూసినా ఎస్‌డబ్ల్యూఆర్ తక్కువే. చూసి మురిసిపోయే సంగతి కాదిది. కేబుల్లో నీళ్లు చేరి శక్తిని తాగేస్తున్నప్పుడు తిరిగి రావడానికి ఏమీ మిగలదు, మీటరు మాత్రం చక్కని అంకె చూపిస్తుంది.

ఇంత తక్కువ ఎత్తున కట్టిన తీగ దూరదేశాలకు గొప్పది కాదు. 40 మీటర్ల బ్యాండులో 10 మీటర్ల ఎత్తంటే పావు తరంగం కూడా లేదు, అందుకే శక్తి ఎక్కువగా నిట్టనిలువుగా పైకి పోతుంది. 250, 300 కిలోమీటర్ల పైనున్న అయనోవరణపు ఎఫ్ పొర దాన్ని వంచి కిందికి పంపిస్తే, చుట్టూ 400, 500 కిలోమీటర్ల మేర గొడుగు పట్టినట్టు సిగ్నల్ కురుస్తుంది. కొండ అడ్డమొచ్చినా, సెల్ టవర్లు కూలినా దీనికి ఇబ్బంది లేదు. తుఫానుల తీరం ఉన్న మనకు కావలసిన గుణం సరిగ్గా ఇదే. 2004 డిసెంబరులో సునామీ వచ్చినప్పుడు, హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియోకు చెందిన భారతీ ప్రసాద్ వీయూ4ఆర్‌బీఐ కాల్‌సైన్‌తో పోర్ట్‌బ్లెయిర్‌లో ఉన్నారు. ఫోన్లు మూగబోయిన అండమాన్ దీవుల నుంచి క్షేమ సమాచారాలు హ్యామ్ రేడియో మీదే బయటికొచ్చాయి. అర్ధరాత్రి దాటాక మాత్రం పొర పలచబడి, దగ్గరి ఊళ్లు మాయమై దూరపు స్టేషన్లు వినిపించడం మామూలే.

ఉరుము వినిపిస్తే కేబుల్‌ను సెట్టు నుంచి ఊడదీసి కిటికీ బయట పెట్టేయాలి. మన దగ్గర ఏప్రిల్, మే నెలల సాయంత్రాలు ఆకాశం నల్లబడితే చాలు ఆ పని చేసేయడం అలవాటు చేసుకోవాలి. స్విచ్ ఆపడం పిడుగుకు అడ్డం కాదు.

లోయ ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర ఉంది, ఎంతకు దిగింది, తేదీ వేసి ఒక పుస్తకంలో రాసి పెట్టండి. మొదటి వాన వెలిసిన వెంటనే మళ్లీ కొలిస్తే తడిసిన తొడుగు వల్ల లోయ కాస్త కిందికి జరిగి ఉంటుంది, తీగ ఆరాక తిరిగి అదే చోటికి రావాలి. రెండు రోజులైనా రాకపోతే గొట్టం దించి, టేపు విప్పి, కేబుల్ కొసను ఒలిచి చూడండి. అల్లిక నల్లబడి ఉంటే మెరిసే రాగి కనిపించేదాకా గజం గజం కోసుకుంటూ పోవాలి.