కుష్టు నయమైనా వెలి ఎందుకు పోలేదు?

ఆరు నెలల నుంచి ఏడాది పాటు మాత్రలు వాడితే కుష్టు నయమవుతుంది. మందు మొదలుపెట్టిన కొద్ది రోజులకే అది ఇతరులకు సోకే అవకాశం దాదాపు పోతుంది. అయినా చికిత్స పూర్తయిన మనిషిని పెళ్లి పంక్తిలో కూర్చోనివ్వని ఊళ్లు ఇంకా ఉన్నాయి.

దీనికి చట్టం వేసిన పునాది ఉంది. 1898లో బ్రిటిష్ ప్రభుత్వం తెచ్చిన చట్టం ప్రకారం, వీధిలో అడుక్కునే కుష్టు రోగిని పోలీసులు వారంటు లేకుండా పట్టుకుని కుష్టు ఆశ్రమంలో నిర్బంధించగలిగేవారు. తినేవి వండి అమ్మకూడదని, ఊరి బావిలో నీళ్లు తోడకూడదని, బాడుగ బండి ఎక్కకూడదని నిషేధించే అధికారమూ అందులోనే ఉండేది. అప్పటికి సరైన మందు లేదు. నిజాం రాజ్యంలోని డిచ్‌పల్లిలో 1915లో మిషనరీ వైద్యురాలు ఇసబెల్ కెర్ నెలకొల్పిన ఆసుపత్రి కూడా మొదట్లో చాల్‌మోగ్రా అనే చెట్టు గింజల నూనె ఇంజెక్షన్ల మీదే ఆధారపడింది. 1940లలో డాప్సోన్ అనే మందు, 1980లలో కొన్ని మందులు కలిపి ఇచ్చే బహుళ ఔషధ చికిత్స వచ్చాయి. ఆ పాత చట్టం మాత్రం 2016 దాకా రద్దు కాలేదు. కుష్టును విడాకులకు కారణంగా చూపే వీలు 2019లో గానీ పోలేదు. ప్రభుత్వాలే వందేళ్లకు పైగా దూరం పెట్టమని చెప్పాక, ఊరివాళ్లనొక్కరినే తప్పుపట్టడం న్యాయం కాదు.

రెండో కారణం అరికాల్లో ఉంది. మందు క్రిమిని చంపుతుంది కానీ, అప్పటికే చచ్చుబడిన నరాన్ని బతికించలేదు. స్పర్శ లేని పాదంలో ముల్లు దిగినా తెలియదు, కుంటకుండా నడుస్తూనే ఉంటారు. పుండు పడి, చీము ఎముక దాకా పోతుంది. వేళ్లు కురచబడేది ఎక్కువగా ఇలాంటి దెబ్బల వల్లేనని వెల్లూరులో డాక్టర్ పాల్ బ్రాండ్ చూపించారు. ఊరికి మాత్రం కట్టు, వాసన తెలుస్తాయి. రోగం తిరగబెట్టిందనుకుని పనిలోంచి తీసేస్తారు, మనవడిని ఎత్తుకోనివ్వరు.

కాబట్టి పుండు రాకుండా చూసుకోవడం ఒక్క వైద్యం సంగతే కాదు, వెలిని తగ్గించే దారి కూడా. రోజూ 20 నిమిషాలు చల్లని నీళ్లలో పాదాలు నానబెట్టాలి. వేడి తెలియదు గనుక కాగిన నీళ్లు బొబ్బలెక్కిస్తాయి. గట్టిపడిన చర్మాన్ని గరుకు రాయితో రుద్దాలి, బ్లేడుతో కోయకూడదు. తడి ఆరకముందే నూనె రాయాలి. ఎర్రబడిన చోటు కనిపిస్తే నడక తగ్గించాలి.

చెప్పులకు లోపల మెత్తటి ఎం.సి.ఆర్. (మైక్రో సెల్యులార్) రబ్బరు, వెనక పట్టీ ఉండాలి. పట్టీ లేకపోతే చెప్పు జారిపోయినా తెలియదు. మేకులు కొట్టకూడదు. అందరికీ ఒకే రంగు, ఒకే నమూనా ఇస్తే అవి 'కుష్టు చెప్పులు' అని వీధంతా గుర్తుపడుతుంది. వాటిని ఇంట్లో వదిలేసి ప్లాస్టిక్ చెప్పులతో బజారుకెళతారు, పుండు మళ్లీ లేస్తుంది. అదే రబ్బరును మామూలు సాండల్‌లో అమర్చి, రంగు వాడేవారినే ఎంచుకోనిస్తే రోజూ వేసుకుంటారు.