కుక్కర్ కూతల లెక్క

మంట పెద్దది చేస్తే కుక్కర్ తొందరగా కూస్తుంది కనుక పప్పు కూడా తొందరగా ఉడుకుతుందా అని ఒక పాఠకురాలు అడిగారు. ఉదయం ఉద్యోగానికి బయలుదేరే హడావిడిలో ఆమెకు పది నిమిషాలు మిగిలినా పండగేనట. ఉడకదన్నదే సమాధానం, కానీ ఎందుకు ఉడకదో తెలియాలంటే మూత మీది వెయిట్‌ను ఒకసారి చేతిలోకి తీసుకుని చూడాలి.

ఆ వెయిట్ కూర్చునే గొట్టం రంధ్రం వ్యాసం 3.5 మిల్లీమీటర్లు అనుకుందాం. దాని వైశాల్యం చదరపు సెంటీమీటరులో పదో వంతు కన్నా కాస్త తక్కువ. లోపలి ఆవిరి చదరపు సెంటీమీటరుకు 1 కిలోగ్రాము చొప్పున అదనంగా నెట్టే దాకా వెయిట్ లేవకూడదంటే, దాని బరువు సుమారు 96 గ్రాములు ఉండాలి. పీడనం పెరిగితే నీటి మరుగు స్థానం పెరుగుతుందని బడిలో అందరం వల్లె వేశాం గానీ, ఆ వెయిట్ అంతే ఎందుకు తూగుతుందని అడిగిన ఉపాధ్యాయుడు నాకు తారసపడలేదు. ఈ చిన్న లోహపు ముక్క చేసేదల్లా బయటి గాలి పీడనానికి దాదాపు అంతే పీడనాన్ని లోపల జతచేయడం. దానితో నీరు 100 డిగ్రీలకు బదులు 120 డిగ్రీల దగ్గర మరుగుతుంది. ఫ్రాన్సుకు చెందిన డెనిస్ పాపిన్ 1679లో లండన్‌లో ఎముకలను సైతం మెత్తబరచే పాత్రను తయారు చేసినప్పుడు ఆధారపడినది ఈ సూత్రం మీదనే.

ఇరవై డిగ్రీలు చిన్న తేడాలాగా కనిపిస్తుంది. అయితే ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగిన ప్రతిసారీ రసాయన చర్యల వేగం సుమారు రెట్టింపవుతుందన్న మోటు లెక్కను పట్టుకుంటే, ఇరవై డిగ్రీలకు వేగం నాలుగింతలవుతుంది. అంటే విడి గిన్నెలో నలభై నిమిషాలు పట్టే పప్పు పది నిమిషాల్లో ఉడకాలి. ఆదా అయ్యే సమయమంతా ఈ ఇరవై డిగ్రీలలోనే ఉంది, కూతలో లేదు. వెయిట్ ఒకసారి లేచిన తరువాత ఎంత మంట పెట్టినా ఉష్ణోగ్రత 120 దాటదు, ఎందుకంటే మిగులు వేడి అంతా ఆవిరిగా బయటికి పోతుంది. కూత అంటే ఆ పోయే వేడి చప్పుడే.

ఆ పోయే వేడి తక్కువేమీ కాదు. ఒక గ్రాము నీటిని ఆవిరి చేయడానికి సుమారు 2,257 జౌళ్లు కావాలి, అదే గ్రామును 30 డిగ్రీల నుంచి 120కి తీసుకుపోవడానికి 376 జౌళ్లు చాలు. అంటే 10 గ్రాముల ఆవిరి బయటికి పోతే 60 మిల్లీలీటర్ల చన్నీటిని 120 డిగ్రీలకు చేర్చగలిగిన వేడి పోయినట్టు. అందుచేత మొదటి కూత దాకా పెద్ద మంట, ఆ తరువాత పీడనం పడిపోనంత సన్న మంట పెట్టి, కూతలకు బదులు గడియారంలో నిమిషాలు లెక్కపెట్టుకోవాలి. "మూడు కూతలు" అన్నది మీ పొయ్యికీ పొరుగింటి పొయ్యికీ ఒకే కాలం కాదు.

వెయిట్‌ను ముందే పెట్టేయడం మరో పొరపాటు. గొట్టం నుంచి ఆవిరి ధారగా వచ్చే దాకా ఆగకపోతే లోపల గాలి మిగిలిపోతుంది. మొత్తం పీడనంలో గాలి తన వాటా తీసుకుంటుంది కనుక, ఆవిరి వాటా తగ్గి, వెయిట్ లేచినా ఉష్ణోగ్రత 120కి చేరదు. చింతపండు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. పప్పు గింజలోని కణాలను అతికించి ఉంచే పెక్టిన్ పులుపులో కరగడానికి మొరాయిస్తుంది. పప్పు మెత్తబడ్డాకే పులుసు పోయాలన్న పెద్దల మాట మూఢనమ్మకం కాదు, మంచి రసాయన శాస్త్రం. బోరు నీటి కాల్షియం కూడా పెక్టిన్‌ను బిగిస్తుంది కనుక, కఠిన జలంలో పప్పు ఎంతకూ ఉడకకపోతే నిందించవలసినది కొట్టువాణ్ణి కాదు.

ఇక తొందరపడి గరిటెతో వెయిట్‌ను ఎత్తడం. 120 డిగ్రీల దగ్గరున్న లీటరు నీటి మీద పీడనాన్ని ఒక్కసారిగా తీసేస్తే, 100కి దిగే లోపు అందులో సుమారు 37 గ్రాములు ఆవిరవుతాయి, దానికి దాదాపు 60 లీటర్ల చోటు కావాలి. ఆ ఆవిరి దారిలో ఉన్న పప్పును కూడా వెంట తీసుకుని గొట్టంలోంచి పైకప్పు దాకా ఎగజిమ్ముతుంది. మూత అంచుల మీద, గొట్టానికి తగలకుండా, చన్నీళ్ళు పోస్తే ఆవిరి లోపలే నీరై పీడనం నిమిషంలో దిగిపోతుంది.