పికప్‌ను రెండంగుళాలు లేపితే ఏమేం మారతాయి?

జూన్, జూలై నెలల్లో చిత్తూరు చుట్టుపక్కల గుజ్జు ఫ్యాక్టరీల ముందు తోతాపురి లోడుతో బారులు తీరిన పికప్‌లను వెనక నుంచి చూడండి. కొన్నింటికి కంపెనీ ఇచ్చిన కమాన్ కట్టలో, అంటే వెనక ఇరుసు మీద బరువు మోసే ఇనుప పట్టీల స్ప్రింగులో, అదనంగా ఒకటో రెండో పట్టీలు కనిపిస్తాయి. బరువుకు వెనకభాగం కుంగకూడదని వేయించుకున్నవి అవి. తిరుపతి వైపు వస్తే ఇంకో రకం బండ్లు తగులుతాయి. డబుల్ క్యాబిన్, లావు టైర్లు, మామూలు కంటే ఎత్తు. శ్రీసిటీలో 2016 నుంచి తయారవుతున్న ఇసుజు వి-క్రాస్ లాంటివి. వీటికి వేయించేది లిఫ్ట్ కిట్. మొదటిది పొట్టకూటి కోసం, రెండోది ఎక్కువగా సరదా కోసం. రెండు చోట్లా జరిగే పని మాత్రం ఒకటే. ఛాసిస్‌కీ చక్రాలకీ మధ్య కంపెనీ లెక్కకట్టి పెట్టిన దూరం మారుతుంది. ఆ దూరాన్ని నమ్ముకుని పనిచేసే భాగాలు బండిలో చాలా ఉన్నాయి. కిట్ డబ్బాలో వాటి గురించి పెద్దగా ఏమీ ఉండదు.

ముందు ఒక అపోహ తీసేద్దాం. లిఫ్ట్ చేయిస్తే తలకోన అడవిదారిలో కింద రాయి తగలదని అనుకుంటారు. ఇది సగమే నిజం. ఛాసిస్, ఇంజన్ కింది ప్లేటు పైకి లేస్తాయి. కానీ వెనక ఇరుసు మధ్యలో ఉబ్బెత్తుగా ఉండే డిఫరెన్షియల్ (ఇంజన్ బలాన్ని రెండు చక్రాలకూ పంచే గేర్ల డబ్బా) స్ప్రింగులకు కింద, చక్రాలతో పాటే ఉంటుంది. స్ప్రింగు ఎంత మార్చినా దాని ఎత్తు మారదు. దాన్ని లేపాలంటే పెద్ద టైరు వేయాల్సిందే, అప్పుడు కూడా టైరు వ్యాసంలో పెరిగినదాంట్లో సగమే దక్కుతుంది. 255/65 ఆర్17 టైరు తీసి 265/70 ఆర్17 వేస్తే వ్యాసం దాదాపు 40 మిల్లీమీటర్లు పెరుగుతుంది, డిఫరెన్షియల్ లేచేది 20. పైగా స్పీడోమీటర్ 100 చూపించేటప్పుడు బండి అంతకుముందు కంటే 5 శాతం ఎక్కువ వేగంతో పోతుంటుంది.

వి-క్రాస్ తరహా పికప్‌లో ముందు వైపు కాయిల్ స్ప్రింగు ఉంటుంది. చవకగా లేపాలంటే దాని నెత్తిన ఒక స్పేసర్ బిగిస్తారు. స్ప్రింగు కింది చివర చక్రం దగ్గర కాక, చక్రాన్ని ఛాసిస్‌కు కలిపే కింది ఆర్మ్ మధ్య భాగంలో కూర్చుంటుంది కాబట్టి అంగుళం మందం స్పేసర్‌తో చక్రం దగ్గర రెండంగుళాల దాకా తేడా వస్తుంది. ఇది తెలియక రెండంగుళాల లిఫ్ట్ కోసం రెండంగుళాల స్పేసర్ కొనేవాళ్లు ఉన్నారు. చక్రం కిందికి, పైకి ఆడే మొత్తం దూరం పరిమితమే. బండి నిలబడే ఎత్తు పెంచితే గుంతలోకి చక్రం దిగడానికి మిగిలే దూరం ఆ మేరకు తగ్గుతుంది. అందుకే బాగా లేపిన బండి స్పీడ్ బ్రేకర్ దిగేటప్పుడు ముందు నుంచి టక్కుమని శబ్దం వస్తుంది. ఫోర్ వీల్ డ్రైవ్ అయితే ముందు చక్రాలను తిప్పే కడ్డీల కీళ్లు, అంటే సీవీ జాయింట్లు కూడా ఎక్కువ కోణంలో వంగి తిరగాలి. స్టీరింగు స్థిరంగా ఉండడానికి సాయపడే క్యాస్టర్ కోణం తగ్గుతుంది. కిట్ వేయించాక వీల్ అలైన్‌మెంట్ చేయించకపోతే హైవే మీద బండి అటూ ఇటూ లాగుతుంటే కంగారు పడేది డ్రైవరే.

వెనక కథ వేరు. కమాన్ కట్టను షాకిల్ (పట్టీ ఒక చివరను ఛాసిస్‌కు కలిపే లింకు) మార్చి లేపితే వచ్చే ఎత్తు సగమే, ఎందుకంటే పట్టీ రెండు చివరల్లో ఒకటే కిందికి దిగుతుంది. రెండంగుళాలు కావాలంటే షాకిల్ నాలుగంగుళాలు పొడవు పెరగాలి, దాంతో ఇరుసు కూడా కొంచెం తిరుగుతుంది. ఇరుసుకీ పట్టీలకీ మధ్య దిమ్మ పెడితే ఎత్తు పూర్తిగా వస్తుంది కానీ, బ్రేకు పడ్డప్పుడు ఇరుసు పట్టీలను మెలితిప్పే బలం కూడా పెరుగుతుంది. పట్టీ చేర్చడమే నాకు నచ్చిన పద్ధతి, దాని ఇబ్బంది దానికున్నా సరే. కట్ట గట్టిపడడమే ఆ ఇబ్బంది. స్ప్రింగు తన మీది బరువుకు 25 సెంటీమీటర్లు కుంగితే బండి సెకనుకు సుమారు ఒకసారి ఊగుతుంది, 6 సెంటీమీటర్లే కుంగితే రెండుసార్లు. గట్టి పట్టీలు వేసిన ఖాళీ పికప్ వెనక కూర్చుని వెళ్లినవాళ్లకు ఈ లెక్క నడుముకే తెలుస్తుంది. ఇరుసునూ పట్టీలనూ కలిపి బిగించే యూ బోల్టులు మాత్రం పాతవి వాడొద్దు. ఒకసారి బిగించాక సాగిపోయి ఉంటాయి. కొత్తవాటిని కూడా కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక మళ్లీ టార్క్ రెంచ్‌తో (బిగువు కొలిచే రెంచి) చూడాలి.

ఇక అన్నిటికంటే చిన్న భాగం, ఆర్మ్ చివర ఉండే రబ్బరు బుష్. బయట ఒక ఇనుప గొట్టం, లోపల ఇంకో సన్నటి గొట్టం, రెంటినీ అతికించి ఉంచిన రబ్బరు. బోల్టు బిగించగానే లోపలి గొట్టం ఛాసిస్ బ్రాకెట్‌కు గట్టిగా పట్టుకుంటుంది, ఇక అది తిరగదు. ఆర్మ్ పైకీ కిందికీ ఆడినప్పుడు తిరిగేది రబ్బరే, అదీ తిరగడం కాదు, మెలిపడడం. షెడ్డులో బండిని జాకీ మీద లేపి పని చేస్తారు కాబట్టి ఆ సమయంలో చక్రం కిందికి వేలాడుతుంటుంది. 40 సెంటీమీటర్ల ఆర్మ్ తన మామూలు స్థానం నుంచి 10 సెంటీమీటర్లు దిగి ఉంటే అది సుమారు 14 డిగ్రీల తేడా. అక్కడే బోల్టు పూర్తిగా బిగించేశారనుకోండి, బండిని కిందికి దించగానే రబ్బరు తడి తువ్వాలు పిండినట్టు ఆ 14 డిగ్రీలూ మెలిపడుతుంది. బండి షెడ్డులో ఊరికే నిలబడి ఉన్నా ఆ మెలి పోదు. గుంతల్లో దానికి ఇంకాస్త తోడవుతుంది. ఇలాంటి బుష్ త్వరగా చిరిగిపోతుంది, తర్వాత కీచుకీచుమని శబ్దం, ఆపైన కీలు వదులై ఆర్మ్ ఆడడం. చాలాసార్లు కిట్ నాసిరకమని తిట్టుకుంటాం. నిజానికి చేయాల్సిందల్లా బోల్టులను వదులుగా పెట్టి, బండిని చక్రాల మీద నిలబెట్టి, రెండుసార్లు కుదిపి, ఆ ఎత్తులో టార్క్ పెట్టడమే. లారీల్లో గ్రీజు కొట్టే గన్‌మెటల్ బుష్‌లకు ఈ బాధ లేదు, అవి పిన్ను మీద తిరుగుతాయి.

చట్టం సంగతి కూడా చెప్పుకోవాలి. ఆర్‌సీలోని వివరాలు కంపెనీ మొదట ఇచ్చినవాటికి తేడా పడేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్నే గట్టిగా చెప్పింది. అదే ఏడాది చేసిన సవరణ ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. కిట్ కొనేముందే ఆర్టీవో ఆఫీసులోనూ, ఇన్సూరెన్స్ వాళ్లనూ అడగడం మంచిది.

పలమనేరు నుంచి మొగిలి ఘాట్ దిగి చిత్తూరు వచ్చే టమాటా బండ్లకు మరో చిక్కు ఉంది. చాలా పికప్‌లలో వెనక బ్రేకులకు లోడ్ సెన్సింగ్ వాల్వ్ ఉంటుంది. ఛాసిస్ నుంచి ఇరుసుకు ఒక కడ్డీ కలిపి ఉంటుంది. బరువు పడి ఛాసిస్ కుంగితే ఆ కడ్డీ కదిలి, వెనక బ్రేకులకు ఎక్కువ ఒత్తిడి వెళ్లనిస్తుంది. ఖాళీ బండిలో వెనక చక్రాలు జారకుండా ఒత్తిడి తగ్గిస్తుంది. బండిని లేపేస్తే లోడు ఉన్నా వాల్వ్ ఖాళీ అనే అనుకుంటుంది. అదనపు పట్టీలు వేసినా అంతే, బాక్సులు నిండా ఉన్నా వెనక కుంగదు, కడ్డీ కదలదు. దిగుడులో ముందు బ్రేకులే భారమంతా మోసి వేడెక్కుతాయి. కడ్డీ పట్టుకునే బ్రాకెట్‌ను కొత్త ఎత్తుకు సరిచేస్తే లేపినంత తేడా పోతుంది. గట్టి పట్టీల విషయంలో మాత్రం కంపెనీ సర్వీస్ మాన్యువల్ ప్రకారం వాల్వ్‌నే సర్దాలి. ఏబీఎస్ (చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది), ఈబీడీ (ముందు వెనక బ్రేకుల బలం పంచేది) ఉన్న కొత్త బండ్లలో చాలావరకు ఈ పని ఎలక్ట్రానిక్స్‌దే.

మలుపుల్లో ఒరిగే భయమూ పెరుగుతుంది. చక్రాల మధ్య వెడల్పులో సగాన్ని గరిమనాభి (బండి బరువంతా ఒకచోట ఉన్నట్టు లెక్కకట్టే బిందువు) ఎత్తుతో భాగిస్తే బండి ఎంత నిలకడగా ఉంటుందో ఒక అంచనా వస్తుంది. వెడల్పు 1.57 మీటర్లు, గరిమనాభి 75 సెంటీమీటర్ల ఎత్తున ఉందనుకుంటే 1.05. దాన్ని 5 సెంటీమీటర్లు లేపితే 0.98. ఆపైన బాక్సులు పేర్చితే ఇంకా తగ్గుతుంది.

చివరగా హెడ్‌లైట్లు. ముందు భాగం మాత్రమే 5 సెంటీమీటర్లు లేపారనుకుందాం. ముందు, వెనక చక్రాల మధ్య 3.1 మీటర్ల దూరం ఉన్న బండి ముక్కు దాదాపు ఒక డిగ్రీ పైకి లేస్తుంది. 25 మీటర్ల అవతల కాంతి 40 సెంటీమీటర్ల పైన పడుతుంది, అంటే రోడ్డు మీద పడాల్సిన డిమ్ వెలుగు ఎదురొచ్చే డ్రైవర్ కళ్లలో కొడుతుంది. లిఫ్ట్ చేయకముందే సమతలం మీద గోడ ఎదురుగా నిలిపి వెలుగు అంచు నేల నుంచి ఎంత ఎత్తులో పడుతోందో సుద్దముక్కతో గీసుకోండి. కిట్ వేశాక అదే చోట నిలిపి, దీపం ఎంత ఎత్తు లేచిందో అంతే గీతకు కలిపి, హెడ్‌లైట్ వెనకాల ఉండే స్క్రూతో అంచును అక్కడికి దించండి.