చాటనూగా వంతెన పక్కన ఆ మూడు విగ్రహాలు ఎందుకు?

అట్లాంటా చుట్టుపక్కల ఉండే మన తెలుగువాళ్ళకు టెనసీ రాష్ట్రంలోని చాటనూగా కొత్త ఊరేం కాదు. కారులో రెండు గంటల దారి. లాంగ్ వీకెండ్ వచ్చిందంటే పిల్లల్ని ఎక్కించుకుని బయలుదేరతారు. లుకౌట్ మౌంటెన్ మీద రాక్ సిటీ, కొండ కడుపులో రూబీ ఫాల్స్, 1895 నుంచి కొండెక్కుతున్న ఇన్‌క్లైన్ రైలు, నది ఒడ్డున అక్వేరియం. సాయంత్రానికి చాలామంది చేరేది మాత్రం వాల్‌నట్ స్ట్రీట్ వంతెన మీదికే. నీలం రంగు ఇనుప వంతెన, కార్ల గోల లేదు, కింద టెనసీ నది. నాలుగు ఫొటోలు దిగి, పిల్లలకు ఐస్‌క్రీం కొనిపెట్టి వచ్చేస్తారు. దక్షిణం చివర, ఊరి వైపు నిలబెట్టిన మూడు విగ్రహాలను చూసి ఎవరో పాతకాలపు నాయకులనుకుంటారు. నాయకులు కారు. ఒకాయన కూలీ, ఇద్దరు లాయర్లు.

వంతెన 1891లో తెరిచారు. పొడవు 2,376 అడుగులు. ఊరికీ, నల్లజాతివాళ్ళు ఎక్కువగా ఉండే ఉత్తరపు ఒడ్డుకూ మధ్య రాకపోకలు దీనివల్లే సులువయ్యాయి. రెండేళ్ళు తిరగకుండానే, 1893లో, ఆల్ఫ్రెడ్ బ్లౌంట్ అనే నల్లజాతి మనిషిని ఒక మూక లాక్కొచ్చి ఇదే వంతెనకు ఉరి తీసింది.

రెండో ఘోరం 1906లో జరిగింది. ఆ జనవరిలో ఒక తెల్లజాతి యువతి మీద అత్యాచారం జరిగింది. ఊరంతా రగిలిపోతోంది. జనం ఓట్లతో గెలిచే పోలీసు అధికారి, షెరిఫ్ జోసెఫ్ షిప్‌కు ఎన్నికలు దగ్గర పడుతున్నాయి. ఎవరో ఒకరు దొరకాలి. ఎడ్ జాన్సన్ అనే నల్లజాతి కూలీ దొరికాడు. ఆ సమయానికి అతను ఒక సారా దుకాణంలో ఉన్నాడని డజను మందికి పైగా సాక్ష్యం చెప్పారు. ఇతనేనని ఆ యువతి కూడా ఒట్టేసి చెప్పలేకపోయింది. అయినా అందరూ తెల్లవాళ్ళే ఉన్న జ్యూరీ దోషి అని తేల్చింది. నేరం జరిగి మూడు వారాలు కూడా కాకముందే ఉరిశిక్ష పడింది.

అక్కడితో అయిపోవాల్సిన కేసును నోవా పార్డెన్, స్టైల్స్ హచిన్స్ అనే ఇద్దరు నల్లజాతి లాయర్లు పట్టుకున్నారు. ఆ రోజుల్లో, ఆ ఊళ్ళో, ఇది ప్రాణాల మీదికి తెచ్చుకునే పనే. పార్డెన్ వాషింగ్టన్ వెళ్ళి సుప్రీంకోర్టు జస్టిస్ జాన్ మార్షల్ హార్లన్ ముందు మొరపెట్టుకున్నాడు. కోర్టు ఉరి ఆపమంది. మార్చి 19న ఆ సంగతి టెలిగ్రాం ద్వారా చాటనూగా చేరింది.

ఆ రాత్రే మూక జైలు మీద పడింది. కాపలాకు మిగిలింది ఒక్కడే. తలుపులు పగలగొట్టి జాన్సన్‌ను వంతెన దాకా ఈడ్చుకొచ్చి ఉరి తీశారు, మీద తుపాకులు పేల్చారు. హార్లన్‌ను వెక్కిరిస్తూ ఒక చీటీ రాసి శవానికి గుచ్చారు. కోపం జాన్సన్ ఒక్కడి మీదే కాదని, పై కోర్టు మీద కూడా అని ఆ చీటీయే చెబుతోంది. కొద్ది రోజులకే జరిగిన ఎన్నికల్లో షిప్ గెలిచాడు.

సుప్రీంకోర్టు ఈసారి ఊరుకోలేదు. షెరిఫ్ మీద, మరికొందరి మీద కోర్టు ధిక్కారం కేసు పెట్టి తానే విచారణ జరిపింది. ఆ కోర్టు చరిత్రలో అలాంటి క్రిమినల్ విచారణ ఇదొక్కటే. 1909లో షిప్‌తో కలిపి ఆరుగురు దోషులని తేల్చింది. శిక్ష ఎంతనుకున్నారు? ఎక్కువ పడినవాళ్ళకు 90 రోజులు. షిప్ జైలు నుంచి ఊరికి తిరిగొస్తే వేలమంది ఎదురెళ్ళి స్వాగతం చెప్పారు. పార్డెన్, హచిన్స్ మాత్రం ఊరు వదిలి పోవాల్సి వచ్చింది.

తర్వాత చాలా ఏళ్ళు ఈ మాట బయట ఎవరూ ఎత్తలేదు. 1978లో వంతెన పాతబడిందని కార్లు ఆపేశారు. కూల్చేద్దామనే అన్నారు కూడా. కానీ అప్పటికి ఊరి పరిస్థితే వేరు. ఫ్యాక్టరీల పొగతో 1969లో దేశంలోనే అతి మురికి గాలి ఉన్న నగరమని పేరు పడింది. ఆ మచ్చ చెరుపుకుని, నది ఒడ్డును చూపించి జనాన్ని రప్పించుకోవాలని చూస్తోంది. 1992లో అక్వేరియం, 1993లో నడకదారిగా మారిన వంతెన ఆ ప్రయత్నంలోవే. ఊరు బాగుపడిందనే మాట నిజమే. కాకపోతే ఆ వంతెన మీద కాలు పెట్టని నల్లజాతి పెద్దలు ఉన్న ఊళ్ళో, దాన్నే ముచ్చటైన ఫొటో స్పాట్‌గా ప్రచారం చేసుకున్నారు.

స్థానిక కోర్టు జాన్సన్ శిక్షను కొట్టేసింది 2000లో. అంటే చనిపోయిన 94 ఏళ్ళకు. 2016లో స్థానికులు కొందరు కలిసి స్మారకం కోసం పని మొదలుపెట్టారు. శిల్పి జెరోమ్ మెడోస్ చేసిన విగ్రహాలు 2021 సెప్టెంబరులో ప్రజల ముందుకొచ్చాయి. జాన్సన్ సమాధి మిషనరీ రిడ్జ్ మీద ఒక పాత శ్మశానంలో ఉంది. చివరిగా అతను అన్నమాటను రాతి మీద చెక్కించారు: దేవుడు మీ అందరినీ చల్లగా చూడాలి, నేను ఏ పాపమూ ఎరగను.

ఈసారి వెళ్తే గమనించండి. ఆ ముగ్గురిలో జాన్సన్ విగ్రహం వంతెనకు వీపు పెట్టి అవతలికి నడిచిపోతున్నట్టుంటుంది. ఫొటోల కోసం వంతెనెక్కే మనం అతనికి ఎదురు వెళ్తాం.