హ్మాంగ్ పైలట్లు: అపోహలు - వాస్తవాలు

మిన్నెసోటాలో శరణార్థుల కేసులు చూసే ఉద్యోగం నాది. సెయింట్ పాల్ రైతు బజారులో కాకరకాయలు, పచ్చిమిర్చి కొనే మన తెలుగువాళ్లు చాలామంది, అక్కడ అమ్మే పెద్దవాళ్లను చూసి చైనావాళ్లు కాబోలు అనుకుంటారు. వాళ్లలో ఎక్కువమంది లావోస్ కొండల నుంచి వచ్చిన హ్మాంగ్‌లు. ఆ తరంలో యుద్ధ విమానాలు నడిపి, ఇక్కడికొచ్చాక సంఘం బాధ్యత నెత్తినేసుకున్నవాళ్లు కూడా ఉన్నారు. వాళ్ల గురించి తరచూ వినపడే మాటల్లో నిజమెంతో చెప్పాలనిపించింది.

అపోహ: వాళ్లు అమెరికా వైమానిక దళంలో పనిచేశారు.

లేదు. 1962 జెనీవా ఒప్పందం ప్రకారం లావోస్ తటస్థ దేశం, విదేశీ సైన్యాలు అక్కడ ఉండకూడదు. అందుకే అమెరికా గూఢచార సంస్థ సీఐఏ, వియత్నాం యుద్ధం నడుస్తున్న ఆ రోజుల్లో కమ్యూనిస్టులతో పోరాడటానికి, లావోస్ సైన్యంలోని హ్మాంగ్ జనరల్ వాంగ్ పావ్ నాయకత్వంలో హ్మాంగ్‌లతో రహస్యంగా సైన్యాన్ని నడిపింది. పైలట్లకు థాయ్‌లాండ్‌లోని ఉడోర్న్ స్థావరంలో శిక్షణ ఇచ్చింది అమెరికన్లే, విమానాలిచ్చిందీ వాళ్లే, కానీ కాగితాల మీద మాత్రం వీళ్లు లావోస్ రాజుగారి సైనికులు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, కింద చెప్పబోయే కష్టాలన్నీ ఇక్కడి నుంచే మొదలయ్యాయి.

అపోహ: పెద్ద పెద్ద జెట్ విమానాలు నడిపేవారు.

వాళ్లు నడిపింది టీ-28. కొత్త పైలట్లకు శిక్షణ ఇవ్వడానికి తయారుచేసిన ఒంటి ఇంజను ప్రొపెల్లర్ విమానం అది, దాని రెక్కల కింద బాంబులు, రాకెట్లు తగిలించి యుద్ధానికి పంపారు. లావోస్‌లో వాంగ్ పావ్ స్థావరం ఉన్న లాంగ్ చెంగ్ లోయలో రన్‌వే చివర నిటారుగా సున్నపురాయి కొండ ఉండేది, కొండకు ఎదురుగా వచ్చి దిగాలి, వచ్చిన వైపుకే తిరిగి ఎగరాలి. వీళ్లలో అందరికంటే పేరున్న లీ లూ అంతకుముందు బడిపంతులు. రోజుకు ఎన్నోసార్లు ఎగిరేవాడు, మొత్తం 5,000కు పైగా దాడులకు వెళ్లాడని చెబుతారు. 1969 జూలైలో లావోస్‌లోని ముయాంగ్ సుయి దగ్గర నేల మీంచి జరిగిన కాల్పుల్లో చనిపోయాడు. అమెరికన్ పైలట్‌కి గడువు పూర్తయితే ఇంటికి వెళ్లే తేదీ ఒకటుంటుంది. వీళ్ల ఇల్లే యుద్ధభూమి, ఇక తేదీ ఎక్కడిది?

అపోహ: ఓడిపోయాక అమెరికా వాళ్లందరినీ విమానాల్లో తెచ్చేసుకుంది.

ఈ మాట వింటే నాకు నిజంగా బాధేస్తుంది. 1975 మే నెలలో కొద్ది రోజులు కొన్ని విమానాలు మాత్రమే తిరిగాయి, దాదాపు 2,500 మందిని, అదీ ఎక్కువగా అధికారుల్నీ వాళ్ల కుటుంబాల్నీ తీసుకెళ్లాయి. లాంగ్ చెంగ్ రన్‌వే పక్కన వేలమంది ఉండిపోయారు. మే 14న వాంగ్ పావ్ కూడా వెళ్లిపోయాక మిగిలినవాళ్లు అడవుల్లో నడిచి, వెదురు బొంగులు పట్టుకుని మెకాంగ్ నది ఈది థాయ్‌లాండ్ చేరారు, చేరలేనివాళ్లు చాలామంది దారిలోనే పోయారు. థాయ్‌లాండ్‌లోని బాన్ వినాయ్ శరణార్థి శిబిరం 1992 దాకా నడిచిందంటే ఎన్నేళ్లు ఎదురుచూశారో చూడండి. ముందు బయటపడిన పైలట్లకు చోటు దొరికింది, అన్నదమ్ములకు దొరకలేదు. ఆ పైలట్లు ఇక్కడ సంఘం పనుల కోసం అంతగా పరుగులు పెట్టడానికి ఇదో కారణమని, వాళ్లతో కూర్చుని మాట్లాడిన మనిషిగా నా నమ్మకం.

అపోహ: పైలట్ కదా, అమెరికాలో మంచి ఉద్యోగమే దొరికుంటుంది.

చాలామందికి దొరికింది ఫ్యాక్టరీలో షిఫ్టు. కానీ ఉడోర్న్‌లో నేర్చుకున్న ఇంగ్లిష్ ఉంది కాబట్టి ఆసుపత్రికి, బడికి, వెల్ఫేర్ ఆఫీసుకి తోడు రమ్మని ఊళ్లోవాళ్లంతా వాళ్ల తలుపే తట్టేవారు. భార్యాభర్తల తగాదాలు, వంశాల మధ్య పంచాయితీలు కూడా వాళ్ల దగ్గరికే వచ్చేవి. అన్నిటికంటే కష్టం అంత్యక్రియలు. హ్మాంగ్ ఆచారంలో రోజుల తరబడి డప్పు, వెదురు వాయిద్యం రాత్రీ పగలూ మోగాలి, ఇక్కడి ఫ్యూనరల్ హోమ్‌లో అయితే గంటల లెక్క. ఫ్యూనరల్ హోమ్ వాళ్లకు అర్థమయ్యేలా చెప్పి ఒప్పించింది ఈ పెద్దమనుషులే. వాళ్ల నాయకత్వం విమానం వల్ల వచ్చింది కాదు, ఇలాంటి పనుల వల్ల వచ్చింది.

అపోహ: మాజీ సైనికులు కాబట్టి పెన్షన్ వస్తుంది.

రాదు. 2000లో వచ్చిన చట్టం పౌరసత్వ పరీక్షలో ఇంగ్లిష్ నిబంధన నుంచి మినహాయింపు, చరిత్ర, ప్రభుత్వం గురించిన ప్రశ్నల్లో కొంత వెసులుబాటు ఇచ్చింది, అంతే. దానికీ సైన్యంలో ఉన్నట్టు అసలు కాగితాలో, పై అధికారి లేదా తోటి సైనికులిద్దరి అఫిడవిట్లో, అలాంటి రుజువు ఏదో ఒకటి చూపించాల్సి వచ్చేది. ఆ తర్వాతి ఉగ్రవాద నిరోధక వలస చట్టాల లెక్కలో, అమెరికా తరఫునే తుపాకీ పట్టినవాళ్లు ఉగ్రవాదుల కింద లెక్కకొచ్చే పరిస్థితి వచ్చింది, 2007 చివర్లో గానీ అది సరికాలేదు. 2011లో వాంగ్ పావ్ చనిపోతే అమెరికా సైనికులను ఖననం చేసే ఆర్లింగ్టన్ శ్మశానంలో చోటివ్వలేదు. 2018 మార్చి చట్టంతో జాతీయ సైనిక శ్మశానాల్లో ఖననానికి అర్హత దొరికింది, అదీ ఆ చట్టం వచ్చాక చనిపోయినవాళ్లకే. ఆర్లింగ్టన్ అందులో లేదు, పెన్షనూ లేదు.

మా ఆఫీసుకు వచ్చిన ఒక పెద్దాయన ప్లాస్టిక్ కవర్లోంచి మూలలు అరిగిపోయిన ఫోటో ఒకటి తీశాడు, విమానం రెక్క పక్కన నలుగురు కుర్రాళ్లు. సర్వీసు కాగితాలేవి అని అడిగితే, పాథెట్ లావో (యుద్ధం గెలిచిన లావోస్ కమ్యూనిస్టులు) సైనికుల చేతిలో పడితే ప్రాణం పోతుందని అప్పుడే కాల్చేశామన్నాడు. ఇలాంటి కథ చాలా ఇళ్లలో ఉంది. అందుకే మీకు తెలిసిన హ్మాంగ్ కుటుంబాలుంటే చెప్పండి: ఫోటో వెనక అందులో ఉన్నవాళ్ల పేర్లు, ఊరు, ఏడాది ఇప్పుడే రాయించుకోమని, తోటి సైనికులు బతికుండగానే అఫిడవిట్లు తీసుకుని నోటరీ చేయించుకోమని.